సముద్రం ముందుకొస్తోంది: రాళ్ళ గోడా, ఇసుకా, చెట్లా, ఊరు కదలడమా?

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు మీద కెరటాలు విరుచుకుపడుతున్న దృశ్యాలు టీవీల్లో వస్తాయి. రోడ్డు కోసుకుపోతుంది, ఒడ్డున ఉన్న ఇళ్ళు కూలుతాయి. ఆ వెంటనే ఊరంతా అడిగేది ఒక్కటే: గోడ కట్టండి. కళ్ళ ముందు ఇల్లు పోతున్నవాళ్ళు అలా అడగడంలో తప్పేమీ లేదు. కానీ గోడ అనేది ఉన్న మార్గాల్లో ఒకటి మాత్రమే. చాలాచోట్ల అది మంచి మార్గం కూడా కాదు. కొన్నిచోట్ల మాత్రం అది తప్ప గతి లేదు.

తీరగ్రామాల పంచాయతీల వాళ్ళు, మత్స్యకార సంఘాల వాళ్ళు, బీచ్ పక్కన ఇల్లున్నవాళ్ళు, అక్కడ స్థలం కొందామనుకుంటున్నవాళ్ళు... వీళ్ళందరికీ పనికొచ్చేలా మార్గాలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. ఏది ఎంచుకున్నా ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ తీరానికి ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది? దీనికి జవాబు లేకుండా కట్టిన కట్టడం పక్క ఊరి తీరాన్ని కోయించడానికే పనికొస్తుంది.

కెరటం చేసే పని

నడిసముద్రంలో అల కదులుతుంది గానీ, నీరు పెద్దగా ముందుకు రాదు. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. రెండు అలల మధ్య దూరంలో సగానికంటే లోతు తగ్గినప్పుడు అలకు అడుగునేల తగులుతుంది. అక్కడి నుంచి దాని వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు దగ్గరయ్యేసరికి అల విరిగిపోతుంది. ఆ విరిగే చోటే సముద్రం ఇసుకను పైకి లేపేది.

తీరంలోకి పొడుచుకొచ్చిన కొండల దగ్గర అలలు వంగి రెండు వైపుల నుంచీ కొండ మీదికే వస్తాయి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ లాంటి రాతికొమ్ముల మీద కెరటాల దాడి ఎక్కువ, వాటి మధ్య ఉన్న వంపుల్లో తక్కువ. తొట్లకొండ దగ్గర మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం అలా మెత్తటి రాయి కొట్టుకుపోయి, గట్టి రాయి మిగలగా ఏర్పడిందే. కానీ రాయి అరగడానికి తరాలు పడుతుంది. మన తీరంలో మనుషులకు కష్టం వచ్చేది ఇసుక ఒడ్డు దగ్గర.

ఇసుక రెండు దిశల్లో కదులుతుంది. ఒకటి ఒడ్డుకూ సముద్రానికీ మధ్య. నెమ్మదైన అలలు ఇసుకను పైకి తెచ్చి పరుస్తాయి. తుఫాను అలలు దాన్ని కిందికి లాగి, కొంచెం లోపల దిబ్బగా పెడతాయి. వాతావరణం కుదుటపడ్డాక ఆ దిబ్బ నెమ్మదిగా మళ్ళీ ఒడ్డుకు చేరుతుంది. అందుకే నవంబరులో కోసుకుపోయిన బీచ్ మార్చికల్లా తిరిగి రావచ్చు. అది సముద్రం సహజంగా చేసే పనే, దానికి వైద్యం అవసరం లేదు.

రెండోది తీరం వెంబడి. అల వాలుగా వచ్చి ఇసుకను ఏటవాలుగా ఒడ్డు ఎక్కిస్తుంది, వెనక్కి జారే నీరు తిన్నగా దిగుతుంది. ఒక్కో అలకు ఇసుక కొంచెం పక్కకు జరుగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన తూర్పు తీరంలో ఈ ప్రయాణం ఉత్తరం వైపు ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో తిరగబడి దక్షిణానికి మళ్ళుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. నదీముఖాల దగ్గర, సముద్రంలోకి సాగిన ఇసుక నాలుకల దగ్గర ఈ లెక్క మారుతుంది. అయినా మన తీరంలో మొదటి అంచనాగా ఇలా అనుకోవచ్చు: ఇసుకను ఎక్కడ అడ్డగిస్తే దానికి దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది.

దీనికి చెన్నైని మించిన ఉదాహరణ లేదు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో అక్కడ హార్బరు గోడలు కట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయి మెరీనా బీచ్ వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. ఇప్పటికీ అక్కడ రాళ్ళు పోస్తూనే ఉన్నారు.

ఇసుక రాకే తగ్గిపోవడం ఇంకో కారణం. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సగటున 15 కోట్ల టన్నుల దాకా ఉండేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నులలోపుకు పడిపోయిందని ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి. 1976 నుంచి 2001 వరకు గోదావరి డెల్టా ముందుభాగంలో మేటను మినహాయిస్తే నికరంగా 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రంలో కలిసిపోయిందని కూడా వాళ్ళే చూపించారు. ఇక్కడ ఒడ్డున ఎంత గోడ కట్టినా అసలు కారణాన్ని అది తాకదు.

దేశం మొత్తం మీద చూస్తే, చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2018 ఉపగ్రహ చిత్రాలతో చేసిన అధ్యయనంలో ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 29 శాతానికి కొంచెం తక్కువ. అంటే మన తీరంలో ఎక్కువ భాగం నిలకడగానో, మేట వేస్తూనో ఉంది. కోత పడుతున్న చోట్లను విడిగా గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఆలోచించాలి. తీరమంతటికీ ఒకే మందు రాయకూడదు.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఇది సీజన్ కోతా, శాశ్వత కోతా? ఒక ఫొటో చూసి చెప్పలేం. ఉచితంగా దొరికే పాత ఉపగ్రహ చిత్రాల్లో ఒకే నెలవి, మార్చివో ఏప్రిల్‌వో, పదిహేనేళ్ళవి పక్కపక్కన పెట్టి చూడండి. మార్చిలో కూడా ఒడ్డు ఏటా వెనక్కి జరుగుతుంటే అది శాశ్వత కోత.

రెండోది, ఒడ్డు వెనక ఏముంది? నూరు ఇళ్ళా, ప్రధాన రహదారా, గుడా, సరుగుడు తోటా, ఖాళీ ఇసుకా? పది కోట్ల గోడ వెనక కోటి రూపాయల ఆస్తి ఉంటే ఆ డబ్బు వేరే దారిలో ఆ కుటుంబాలకే ఇవ్వడం మేలు.

మూడోది, మీకు బీచ్ కావాలా? ఈ ప్రశ్న ఇంజనీర్లు తరచూ మరిచిపోతారు. పడవలు ఒడ్డుకు లాగి పెట్టుకునేవాళ్ళకు, అలివి వల లాగేవాళ్ళకు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళకు బీచే పని చేసుకునే చోటు. ఇల్లు మిగిలి బీచ్ పోతే వాళ్ళ బతుకు సగం పోయినట్టే.

నాలుగోది ఉత్తరాన ఉన్న ఊరు. మీ కట్టడం ప్రభావం ఎవరి మీద పడుతుందో వాళ్ళను గ్రామసభకు పిలవకుండా తీర్మానం చేయడం న్యాయం కాదు. దక్షిణాన ఉన్న ఊరు రేపు మీకు అదే చేస్తే ఎలా ఉంటుంది?

ఐదోది, ఏటా పెట్టే ఖర్చు. కట్టే డబ్బు ఒక్కసారి దొరుకుతుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది. నాలుగో ఏట జారిన రాళ్ళను సర్దడానికి మాత్రం బడ్జెట్ ఉండదు. నిర్వహణకు డబ్బు ఎవరిస్తారో రాతపూర్వకంగా లేకపోతే, ఎక్కువ నిర్వహణ అడిగే మార్గాన్ని ఎంచుకోకండి.

రాళ్ళ గోడ

దీని బలం ఏమిటో ముందు చెప్పాలి. సరిగ్గా కడితే గోడ వెనక ఉన్న నేల అక్కడే నిలుస్తుంది. పుదుచ్చేరి పట్టణం దశాబ్దాలపాటు బీచ్ లేకుండా నిలబడిందంటే రాళ్ళ గోడ వల్లే. ఆసుపత్రి, హైవే, పట్టణంలోని వీధులు లాంటివి వెనక ఉన్నప్పుడు, కదలడానికి జాగా లేనప్పుడు ఇదే దిక్కు.

"సరిగ్గా" అన్న మాటలోనే చాలా ఉంది. పెద్ద రాళ్ళ కింద చిన్న రాళ్ళ పొర, దాని కింద ఇసుక జారిపోకుండా ఫిల్టర్ గుడ్డ ఉండాలి. అవి లేకుండా లారీలతో రాళ్ళు తెచ్చి గుమ్మరిస్తే, రాళ్ళ సందుల్లోంచి ఇసుక పీల్చుకుపోయి, రెండు మూడు వర్షాకాలాల్లో గోడ కుంగుతుంది. గోడ పాదం దగ్గర అల గుంత తవ్వుతుంది కాబట్టి పాదాన్ని లోతుగా దించాలి. నిటారు గోడ కంటే ఏటవాలు గరుకు గోడ అల శక్తిని బాగా తాగుతుంది.

ఇవన్నీ పాటించినా రెండు నష్టాలు తప్పవు. గోడకు కొట్టుకుని వెనక్కి పోయే నీరు ముందున్న ఇసుకను లాక్కుపోతుంది. తీరం వెనక్కి జరుగుతున్న చోట గోడ కదలదు కాబట్టి, మధ్యలో ఉన్న బీచ్ సన్నబడి మాయమవుతుంది. రెండోది, గోడ ముగిసే చోట కోత ఎక్కువవుతుంది. అక్కడివాళ్ళు గోడ పొడిగించమంటారు. పొడిగిస్తే కోత ఇంకా ఉత్తరానికి జరుగుతుంది. కేరళ తీరంలో చాలా పొడవునా గోడలు ఇలాగే పెరుగుతూ వచ్చాయి. పాత గోడలు నిలవని చెల్లానంలో ఇటీవల ఏడు కిలోమీటర్లకు పైగా టెట్రాపాడ్లు, అంటే నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మలు పేర్చి కట్టారు. అక్కడ ఇళ్ళలోకి నీళ్ళు రావడం బాగా తగ్గింది. ఖర్చు మాత్రం కిలోమీటరుకు పదుల కోట్లలో ఉంది.

గ్రోయిన్లు

తీరానికి అడ్డంగా సముద్రంలోకి కట్టే రాళ్ళ వరసలు ఇవి. వచ్చే ఇసుకను పట్టుకుంటాయి. చెన్నై హార్బరుకు ఉత్తరాన వీటిని వరసగా కట్టారు. వాటి మధ్య కొంత ఇసుక నిలిచింది కూడా. అయితే ఇవి కొత్త ఇసుకను పుట్టించవు, ఉత్తరాన ఉన్నవాళ్ళకు చేరాల్సిన ఇసుకను ఆపి మీకిస్తాయి. ఇసుక రాకే లేని చోట ఏమీ పట్టుకోలేవు. కట్టగానే మధ్య ఖాళీలను బయటి ఇసుకతో నింపితే పక్క ఊరికి నష్టం తగ్గుతుంది. నింపకుండా గ్రోయిన్లు మాత్రమే ఇస్తామంటే ఒప్పుకోవద్దనే నా సలహా.

జియో ట్యూబులు

గట్టి సింథటిక్ గుడ్డతో కుట్టిన పొడవాటి సంచుల్లోకి ఇసుక, నీరు కలిపి పంపు చేస్తే నీరు కారిపోయి ఇసుక మిగులుతుంది. క్వారీ దూరంగా ఉన్న డెల్టా ప్రాంతాల్లో రాళ్ళు తేవడం కంటే ఇది చవక, త్వరగా అయిపోతుంది. ఒడిశాలో కేంద్రపాడా జిల్లా పెంఠా దగ్గర 505 మీటర్ల పొడవున ఇలాంటి కట్ట కట్టారు. దాని వెనక ఉన్న మట్టికట్టను, ఊళ్ళను అది కాపాడింది.

మన దగ్గర ఉప్పాడలో అనుభవం వేరు. పదిహేనేళ్ళ కిందట వేసిన జియో ట్యూబు గోడ తర్వాతి తుఫాన్లలో దెబ్బతింది. చాలాచోట్ల చిరిగి, ఇసుక కారిపోయి, దాని మీద మళ్ళీ రాళ్ళు పోయాల్సి వచ్చింది. ఉప్పాడ ఉన్న చోటే కష్టమైనది. గోదావరి ఇసుకతో ఏర్పడిన, దాదాపు 16 కిలోమీటర్ల పొడవైన హోప్ ఐలాండ్ కాకినాడ తీరానికి అడ్డుగా నిలిచి కెరటాలను ఆపుతుంది. దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ నీడ లేదు, కెరటం తిన్నగా వచ్చి తగులుతుంది. ఒడ్డుకు ఆనించి వేసిన సంచి అలాంటి చోట ఎక్కువ కాలం నిలవదు.

ఎండకు గుడ్డ పెళుసవుతుంది, పడవ లంగరు తగిలినా చిరుగుతుంది. అడుగున ఇసుక తవ్వుకుపోతే ట్యూబు దొర్లుతుంది. కాబట్టి దీన్ని అయిదారేళ్ళ తాత్కాలిక రక్షణగా చూడాలి. ఈలోగా శాశ్వత ఏర్పాటుకు సమయం దొరుకుతుంది. అలా చెప్పి వేస్తే మంచిదే. యాభై ఏళ్ళ గోడ అని చెప్పి వేస్తే మోసపోతాం.

సముద్రంలో మునిగిన దిబ్బ

అల ఒడ్డుకు రాకముందే దాని బలం తీసేయడం ఈ పద్ధతి. కొంత దూరంలో, నీటి మట్టానికి కాస్త కిందుగా కట్టడం పెడతారు. వెనక నీరు నెమ్మదించి ఇసుక నిలుస్తుంది. పుదుచ్చేరిలో 1980లలో కట్టిన హార్బరు గోడల వల్ల పట్టణం ముందు బీచ్ పోయింది. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ సుమారు 900 టన్నుల త్రిభుజాకారపు ఉక్కు పెట్టెను ముంచి రీఫ్, అంటే ఇలాంటి మునిగిన దిబ్బ, కట్టింది. హార్బరు ముఖంలో తవ్విన ఇసుకను కూడా ఒడ్డున పోశారు. కొన్ని నెలల్లోనే బీచ్ కనిపించడం మొదలైంది.

విశాఖలో ఈ ఆలోచన ఎప్పటిదో. 1930లలో హార్బరు కడుతున్నప్పుడు ఇసుక కాలువలోకి రాకుండా రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచారు.

ఈ పద్ధతిలో బీచ్ దక్కుతుంది, అందం చెడదు. కానీ డిజైన్‌కు అలల కొలతలు, కంప్యూటర్ మోడళ్ళు, ఏడాదికి తగ్గని సర్వే కావాలి. చిన్న పంచాయతీ తనంతట తాను చేసుకోగలిగిన పని కాదు. పడవలు వెళ్ళే దారిలో పెడితే ప్రమాదం, అందుకే తీరంలో ఎక్కడ పెట్టాలో మత్స్యకారులతో కూర్చుని గీయించాలి.

ఇసుక పోయడం

ఇసుక తక్కువైందంటే ఇసుకే ఇవ్వాలి. నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీగల పరిష్కారం ఇదే. ఎందుకంటే అసలు లోటును పూడ్చేది ఇదొక్కటే, పైగా ఇక్కడ పోసిన ఇసుక కొట్టుకుపోయినా ఉత్తరాన ఉన్న తీరానికే చేరుతుంది.

విశాఖ ఔటర్ హార్బరు కట్టాక దక్షిణాన ఇసుక ఆగిపోయి, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ సన్నబడటం మొదలైంది. అందుకే పోర్టు పక్కన ఇసుక పేరుకునే గుంతలోంచి డ్రెడ్జర్‌తో తవ్వి, పైపుల ద్వారా ఆర్కే బీచ్ వైపు పంపుతుంటారు. హార్బరు ఆపిన ఇసుకను మనిషి దాటిస్తున్నాడు. ఈ పని ఆలస్యమైన ఏడాది బీచ్ రోడ్డు అంచు దాకా కోత వస్తుంది. 2014 హుద్‌హుద్ లాంటి తుఫాను వచ్చినప్పుడు ముందు ఎంత ఇసుక ఉందన్నదే రోడ్డు భవిష్యత్తును తేలుస్తుంది.

నెదర్లాండ్స్ 1990 నుంచి ఒడ్డు గీతను ఇసుకతోనే నిలబెట్టాలని నిర్ణయించుకుంది. ఏటా దాదాపు 1.2 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోస్తారు. 2011లో హేగ్ దగ్గర ఒకేసారి 2.15 కోట్ల ఘనపు మీటర్లు గుట్టగా పోసి, దాన్ని తీరం వెంట పరిచే పనిని అలలకూ గాలికీ వదిలేశారు.

ఇబ్బందులు చిన్నవేం కావు. ఇసుక మీ ఒడ్డున ఉన్నదానికంటే సన్నగా ఉంటే తొందరగా కొట్టుకుపోతుంది, కనుక గింజ సైజు చూడాలి. ఇసుకను అదే తీరం ముందు నుంచి తవ్వితే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టే. అన్నిటికీ మించి, ఇది ఆగని ఖర్చు. హార్బరు పక్కన ఉన్న ఊళ్ళకు ఇది బాగా కుదురుతుంది. పోర్టు ఎలాగూ డ్రెడ్జింగ్ చేయాల్సిందే కాబట్టి, ఆ ఇసుకను లోతు సముద్రంలో పారబోయకుండా ఒడ్డుకు పంపమని అడగడం మీ హక్కుగా భావించండి. ఆ ఇసుకలో బురద, నూనె లేవని పరీక్ష చేయించమని కూడా అడగండి.

మడ అడవులు, దిబ్బలు, సరుగుడు

మడచెట్లు నాటితే కోత ఆగుతుందని సభల్లో తరచూ వింటాం. మడ అడవి పెరిగేది బురదనేల మీద, ఆటుపోట్లు మెల్లగా వచ్చిపోయే క్రీకుల్లో, అంటే సముద్రపు పాయల్లో, నదీముఖాల్లో. కోరింగలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉందంటే అక్కడి నేల, నీరు అలాంటివి కాబట్టే. కెరటం నేరుగా విరిగే ఇసుక ఒడ్డున నాటిన మడ మొక్క మొదటి వర్షాకాలానికే పోతుంది. క్రీకు పక్కన ఊరున్నవాళ్ళు మాత్రం దీన్ని మొదటి ఎంపికగా పెట్టుకోండి. ఖర్చు తక్కువ, పీతలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి, ఉప్పెన వేగం తగ్గుతుంది.

ఇసుక ఒడ్డుకు సరైన రక్షణ ఇసుక దిబ్బే. తుఫాను వచ్చినప్పుడు కోసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న నిల్వ అది. రావణాసురుడి మీసం గడ్డి, ఊదారంగు పూల సముద్రతీగ గాలికి ఎగిరే ఇసుకను పట్టి దిబ్బను పెంచుతాయి. బీచ్ అందం కోసం ఈ తీగల్ని పీకి చదును చేయడం, దిబ్బల ఇసుకను ఇళ్ళ నిర్మాణానికి తోలడం మన తీరంలో జరుగుతున్న పెద్ద నష్టం. దిబ్బ ఉన్నచోట కంచె వేసి, నడిచే దారి ఒక్కటి వదిలి, మిగతాది ముట్టుకోకుండా ఉంచితే అదే చవకైన గోడ.

1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట సరుగుడు తోటలు బాగా పెంచారు. గాలినీ, ఎగిరే ఇసుకనూ అవి ఆపుతాయి. కోతను ఆపవు, వేళ్ళ కింద ఇసుక పోతే వరసగా పడిపోతాయి. పోటు నీరు చేరే గీతకు మరీ దగ్గరగా నాటితే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు కూడా పోతుంది. దిబ్బ వెనకే నాటాలి.

ఊరు కదలడం

ఈ మాట వినడానికే కష్టంగా ఉంటుంది. గంగమ్మ గుడి, తాతల ఇల్లు, పక్కపక్కన బతికిన చుట్టాలు... వీటికి లెక్క కట్టలేం. అయినా కొన్నిచోట్ల ఇది తప్ప నిలిచే మార్గం లేదు. ఒడిశాలో సతభాయ ఊళ్ళు ఒకటొకటిగా సముద్రంలో కలిసిపోయాక, 2018లో మిగిలిన 571 కుటుంబాలను బగపాటియాకు మార్చారు. అక్కడ ఇళ్ళు దొరికాయి గానీ సాగుభూమి, పని దొరకడం కష్టమైంది. కేరళ పునర్‌గేహం పథకం సముద్రానికి 50 మీటర్లలోపు ఉన్న మత్స్యకార కుటుంబాలకు స్థలం, ఇల్లు కలిపి 10 లక్షల రూపాయలు ఇస్తుంది. స్థలం ధరలు పెరిగిన చోట ఆ డబ్బు చాలడం లేదు.

వీటిని చూస్తే ఏం అడగాలో తెలుస్తుంది. విడివిడిగా డబ్బు కంటే ఊరంతా ఒకేచోటికి కదలడం మేలు. కొత్త చోటు నడిచి వెళ్ళే దూరంలో ఉండాలి. పడవలు, వలలు పెట్టుకోవడానికి పాత ఒడ్డు మీద హక్కు కాగితం మీద ఉండాలి. ఖాళీ చేసిన స్థలం రిసార్టుకు పోకూడదు, దిబ్బగా వదిలేయాలి. ఇల్లు కూలాక పునరావాస కేంద్రం నుంచి బేరమాడటం కంటే, ఇంకా పదేళ్ళు ఉందనగా అడిగితే మీ మాటకు బలం ఉంటుంది.

వెనక పొలాలే ఉన్నచోట సముద్రాన్ని రానివ్వడం కూడా ఒక మార్గం. ఇంగ్లండులో మెడ్‌మెరీ దగ్గర 2013లో పాత కట్టను తామే తెగ్గొట్టి, లోపల కొత్త కట్ట కట్టుకున్నారు. మధ్యలో ఉన్న నేల ఉప్పునీటి చిత్తడిగా మారి అలల్ని నెమ్మదింపజేస్తోంది. మన దగ్గర రైతుకు న్యాయమైన పరిహారం ఇస్తేనే దీని గురించి మాట్లాడాలి.

ఒక చూపులో

| మార్గం | బీచ్ మిగులుతుందా? | ఉత్తరాన ఊరికి | నిర్వహణ | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| రాళ్ళ గోడ | చాలావరకు పోతుంది | కోత పెరుగుతుంది | మధ్యస్థం, ఆగదు | పట్టణం, రహదారి |
| గ్రోయిన్లు | దక్షిణం పక్క పెరుగుతుంది | కోత పెరుగుతుంది | తక్కువ | ఇసుక రాక ఉన్నచోట, నింపితేనే |
| జియో ట్యూబు | కొంత | గోడలాగే | ఎక్కువ | తాత్కాలిక రక్షణ |
| మునిగిన దిబ్బ | పెరుగుతుంది | కొంత ప్రభావం | తక్కువ | పట్టణ బీచ్‌లు |
| ఇసుక పోయడం | పెరుగుతుంది | మేలే | ఏటా | హార్బరు పక్కన |
| మడ, దిబ్బ | మిగులుతుంది | నష్టం లేదు | తక్కువ | క్రీకులు, ఖాళీ ఒడ్డు |
| కదలడం | మిగులుతుంది | నష్టం లేదు | ఒడ్డున ఏమీ లేదు | చిన్న ఊళ్ళు, వేగంగా కోత |

మీరు ఎవరు?

మత్స్యకార గ్రామమైతే బీచ్ మిగిలే మార్గాన్నే పట్టుబట్టండి. గోడ తప్పదంటే పడవలు ఎక్కించే ర్యాంపులు, ఖాళీలు డిజైన్‌లోనే ఉండాలి. కట్టాక అడిగితే ఎవరూ ఇవ్వరు. మొదటి వరస ఇళ్ళను కాస్త వెనక్కి జరిపి, ముందు దిబ్బను పెంచి, పోర్టు ఇసుక దగ్గరలో ఉంటే దాన్ని పోయించుకోవడం... ఇలా రెండు మూడు కలిపితేనే మంచి ఫలితం.

పట్టణమైతే బీచ్ రోడ్డు పోకూడదు కాబట్టి రోడ్డు అంచున గోడ ఉంటుంది. కానీ ఆ గోడ చివరి రక్షణగా ఉండాలి, దాని ముందు ఇసుక ఉండాలి. విశాఖ, పుదుచ్చేరి రెండూ చివరికి ఇసుక దగ్గరికే వచ్చాయి.

బీచ్ పక్కన ఒంటరి ఇల్లో, చిన్న రిసార్టో ఉన్నవాళ్ళు సొంతంగా రాళ్ళు పోయించాలనుకుంటారు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా అది చేయకూడదు. చేసినా నీరు రెండు పక్కల నుంచి చుట్టి వస్తుంది, పక్కింటివాళ్ళ నేల కోసుకుపోతుంది. ఇంటి ముందు దిబ్బ పెంచండి. పెద్ద మరమ్మతుల మీద డబ్బు పెట్టకుండా వెనక స్థలం చూసుకోండి.

స్థలం కొనబోయేవాళ్ళకు ఒక లెక్క చెప్తాను. తీరప్రాంత నియంత్రణ మీద 2019లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళిక ఆమోదం పొందిన చోట, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో పోటు గీత నుంచి 50 మీటర్లు, మిగతా గ్రామీణ ప్రాంతాల్లో 200 మీటర్లు నిర్మాణ నిషేధం. ఇది అనుమతికి సంబంధించిన గీత, భద్రతకు హామీ కాదు. తీరం ఏటా 2 మీటర్లు వెనక్కి జరిగే చోట 50 మీటర్లంటే 25 ఏళ్ళు. ఇంటి అప్పు తీరడానికే 20 ఏళ్ళు పడుతుంది. బ్రోకరు చూపించే ఫొటో ఏ నెలలో తీసిందో అడగండి, స్థలాన్ని మీరు మాత్రం అక్టోబరు, నవంబరుల్లో చూడండి.

గ్రామసభలో అడగాల్సినవి

డబ్బు గురించి: 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిరాశ్రయులైనవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సూచించింది. అంటే పునరావాసం కూడా ప్రభుత్వం నుంచి అడగదగినదే. జిల్లా అధికారులు గోడ ప్రతిపాదన ఒక్కటే తెస్తే, ఊరు కదలడానికి అయ్యే ఖర్చును కూడా పక్కన పెట్టి చూపించమనండి.

ఇంజనీరు వచ్చినప్పుడు నాలుగు అడగండి. ఏటా ఎంత ఇసుక ఈ తీరం మీదుగా పోతోంది, ఏ ఏడాది కొలిచారు? కట్టాక ఉత్తరాన రెండు కిలోమీటర్ల వరకు ఒడ్డు ఎంత జరుగుతుందని మోడల్ చెబుతోంది? పాదం ఎంత లోతుకు దించుతున్నారు, ఫిల్టర్ పొర ఉందా? అయిదో ఏట మరమ్మతుల డబ్బు ఏ శాఖ బడ్జెట్‌లో ఉంది? వీటికి కాగితం మీద జవాబు రాకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. అత్యవసరమైతే ఇసుక నింపిన జియో బ్యాగులతో ఆ సీజన్ గడిపేయవచ్చు.

ఈలోగా ఊరు తనంతట తాను చేసుకోగల పని ఒకటుంది. ఒడ్డుకు దూరంగా, కదలని చోట, గుడి అరుగో, స్కూలు గోడో చూసుకుని అక్కడ ఒక గుర్తు పెట్టండి. ప్రతి నెలా పౌర్ణమి మర్నాడు, పోటు నీరు ఎక్కడి దాకా వచ్చిందో ఆ గుర్తు నుంచి టేపుతో కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాయండి, అదే చోటు నుంచి ఒక ఫొటో తీయండి. స్కూలు పిల్లలు కూడా చేయగల పని ఇది. మూడు నాలుగేళ్ళ కొలతలు చేతిలో ఉంటే అది సీజన్ కోతో శాశ్వత కోతో మీకే తెలుస్తుంది. ఉత్తరాన ఉన్న ఊరు కూడా అదే పుస్తకం పెట్టుకుంటే, కట్టడం వల్ల నష్టం జరిగిందో లేదో తేల్చడానికి వాళ్ళ చేతిలో రుజువు ఉంటుంది.